పుర్రచేతి సకినం

జనగామలో మా వంటింటి గచ్చు మీద నీలంరంగు ప్లాస్టిక్ పళ్లెం ఒకటి ఉంది. దాంట్లో మూడు గుంటలు. ఒకదాంట్లో పెసలు, ఒకదాంట్లో శనగలు, ఇంకోదాంట్లో బొబ్బర్లు వేయాలట. నా మనవరాలు హాసిని, ఇంకా నాలుగేళ్లు నిండని పిల్ల, కాళ్లు చాపుకుని కూర్చుని, అన్నీ కలిపి పోసిన గిన్నెలోంచి ఒక్కో గింజే ఏరి గుంటల్లో వేస్తోంది. చిన్నపిల్లల బడివాళ్లు ఫోన్‌లో చెప్పారట: ఇంట్లో పిల్లలతో గింజలు ఏరించండి, చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంపించండి, చేతిరుమాళ్లు మడత పెట్టించండి, ఇల్లు ఎట్లా నడుస్తుందో వాళ్లకు తెలియాలి అని. మా కోడలు శ్రావణి ఎదురుగా గొంతుక్కూర్చుని వీడియో తీస్తూ, గింజ పడ్డప్పుడల్లా "సూపర్ బంగారం" అంటోంది. అంతా బాగానే ఉంది. కానీ ఆ పిల్ల గింజలు ఏరుతున్నది ఎడమచేత్తో. ఎవరూ ఏమీ అనడం లేదు. అనాలని కూడా ఎవరికీ తోచడం లేదు. నాకు మాత్రం కడుపు మండింది.

నవ్వుకుంటే నవ్వుకోండి. అరవై దగ్గర పడ్డ మనిషిని, మనవరాలిని ఎత్తుకుని ముద్దాడాల్సిన దాన్ని, ఆ పిల్ల చెయ్యి చూసి కుళ్లుకుంటున్నాను. ఈ కుళ్లు కొత్తది కాదు. దీనికి దాదాపు నా అంత వయసుంది. హాసిని పుట్టకముందు అది మా రమ మీద ఉండేది.

మాది లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. పెద్ద దాలాన్, వెనుక దొడ్డి, దొడ్లో కుడితి గోలెం, గోలెం పక్కన ఎప్పుడూ తడిగా ఉండే నేల. బాపు, చిన్నాయిన ఒకే ఇంట్లో ఉండేవారు. రమ మా చిన్నాయిన బిడ్డ. ఇద్దరం ఒకే వానాకాలంలో పుట్టినవాళ్లం. ఒకే చాప మీద పడుకుని, ఒకే గిన్నెలో సత్తుపిండి నాకి పెరిగాం. బడికి పోయే ఈడు వచ్చేదాకా మాకు ఇల్లే బడి, మా బాపును కన్నతల్లి, మా అవ్వే పంతులమ్మ. ఆమెకు పిల్లలను ఆడించడం తెలియదు. పనిలోకి దింపడమే తెలుసు. తెల్లవారి వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లుతుంటే మా చేతికి చిన్న చెంబిచ్చి వెనుక నీళ్లు చల్లించేది, ముగ్గు పెడుతుంటే చుక్కలు పెట్టించేది, కోడిపిల్లలకు నూకలు చల్లించి అన్నీ వచ్చాయా లేదా చూడమనేది, అనపకాయలు ఒలుస్తుంటే పుచ్చుగింజలు పక్కకు తీయించేది. గోరువెచ్చటి నీళ్లేవో, కాలే నీళ్లేవో వేలు ముంచి చెప్పించేది. పొయ్యి మీద ఎసరు మసిలే చప్పుడు విని బియ్యం పోసే వేళయిందని నేను అంగీ గుండీలు పెట్టుకోవడం రాకముందే చెప్పగలిగేదాన్ని.

చెప్పగలిగేదాన్ని గానీ పోసేదాన్ని కాదు. నాది పుర్రచెయ్యి. ఏ పనికైనా ముందు ఎడమచెయ్యే పోయేది. అవ్వ లెక్కలో ఆ చెయ్యి బియ్యంలో పడకూడదు, ఉప్పుకుండలో పడకూడదు, దీపం దగ్గరికి పోకూడదు, వంటింటి మూల పసుపు కుంకుమలతో కొలువుండే కూరాడు కుండ దరిదాపుల్లోకి అసలే రాకూడదు. ఎవరికేమిచ్చినా ఆ చేత్తో ఇవ్వకూడదు. రమది కుడిచెయ్యి. ఇంతే తేడా. ఈ ఒక్క తేడాతో ఇంట్లో పనులన్నీ రెండుగా చీలిపోయాయి.

అవ్వ ఒకసారి మేదరామెతో బుడ్డ చేట ఒకటి అల్లించింది. అరచేతికి కాస్త పెద్దది, కొత్త వెదురు వాసన, అంచుకు ఎర్రరంగు. ఇద్దరికీ కలిపి ఒకటే. సాయంత్రం అవ్వ తన పెద్ద చేట ఒళ్లో పెట్టుకుని రాళ్లు ఏరడానికి కూర్చుంటే, పిడికెడు బియ్యం బుడ్డ చేటలో పోసి మా ముందర పెట్టింది. నేను ముందే ఉరికి చెయ్యి పెట్టాను.

"ఆ చెయ్యి తియ్యే! బియ్యంల పుర్రచెయ్యి పెడతరా? రేపు అత్తగారింట్ల నువ్వు గిట్ల పెడితే ఎవలు తింటరే నీ చేతి బువ్వ?"

ఆ రోజు నుంచి బుడ్డ చేట రమ ఒళ్లోకి పోయింది. ఆ పిల్ల కాళ్లు బారజాపి, నాలుక కొస బయటపెట్టి, అచ్చం అవ్వలాగే ఏరేది. రాళ్లతో పాటు బియ్యం గింజలు కూడా పారేసేది, అసలు రాళ్లు వదిలేసేది. నాకు దూరం నుంచే కనపడేవి. చెప్పేదాన్ని కాదు. రాత్రి బువ్వలో పంటికింద రాయి కటుక్కుమంటే అందరూ ముఖం చిట్లించేవారు, నాకు మాత్రం పండుగలాగా ఉండేది. "ఇయ్యాల బియ్యం ఎవలు ఏరింరు అవ్వా?" అని ఏమీ తెలియనట్టు అడిగేదాన్ని. "చిన్నపోరి, నేర్చుకుంటంది తియ్" అనేది అవ్వ. నేనూ చిన్నపోరినే కదా!

నాకూ పనులుండేవి, లేవని కాదు. పొయ్యిలో బూడిద ఎత్తడం, పిడకలు తిరగేయడం, పొద్దు గూకే వేళ కోళ్లను గంప కింద కమ్మడం. కోళ్లకు కుడి ఎడమల పట్టింపు లేదు కాబట్టి అవి నా పాలిట మంచివి. అన్నిటికంటే పెద్దపని కందీలు గ్లాసు తుడవడం. పెద్దవాళ్ల చెయ్యి దాంట్లో దూరదు, నాది దూరేది. మెత్తటి బూడిద, పాత ధోతి గుడ్డ, గాసునూనె వాసన, వేళ్లకు అంటిన మసి. గ్లాసు లోపల వేళ్లు తిప్పుతుంటే మసి తొలగి అవతల దొడ్డి, దొడ్లో ఎద్దు, ఎద్దు వెనుక ఎర్రటి ఆకాశం ఒక్కొక్కటే తేటపడేవి. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు. కానీ తుడిచిన గ్లాసు బిగించి, అవ్వ వత్తి వెలిగించి, కొక్కానికి తగిలించగానే "రమా, దండం పెట్టు బిడ్డా" అనేది. నేను మసిచేతులతో గోలెం దగ్గర ఉండేదాన్ని. అక్కడి నుంచి చూస్తే ఆ వెలుగంతా రమ ముఖం మీదే పడినట్టుండేది.

ఏ కాలం వచ్చినా ఇదే కథ. ఎండాకాలం దాలాన్ నిండా చింతపండు కుప్ప పోసి ఆడవాళ్లు గింజలు కొడుతుంటే, పులుపుకు నోట్లో నీళ్లూరుతుంటే, పండు రమ వైపు, గింజలు నా వైపు. వానలు పడ్డాక పొయ్యిలో మక్కకంకులు కాలుతుంటే ఉప్పు కారం రాసేది రమ, బెండ్లు ఏరి పారేసేది నేను. బతుకమ్మ నాడు చెరువు కట్ట కింది నుంచి తెచ్చిన తంగేడు, గునుగు, బంతి అరుగంతా పరచుకుని పచ్చి వాసన కొడుతుంటే, గునుగు కాడలు సమానంగా చేసి కట్టలు కట్టేది నేను, ఆ కట్టలు తాంబాళంలో ఒక్కో వరుసగా పేర్చేది రమ. చివరికి మలీద ముద్దలు పంచేటప్పుడు కూడా ఆమె చేతికే పళ్లెం. అందరూ "రమ చెయ్యి ఎంత వాటంగుందో" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ చేతిని పట్టుకుని కొరకాలనిపించేది.

అవ్వ చెడ్డది కాదు. అట్లా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది, కానీ కాదు. చుట్టాలు వచ్చినప్పుడు నేను ఎడమచేత్తో తింటే నలుగురూ నవ్వుతారని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే కలిపి ముద్దలు పెట్టేది. ఆ ముద్దలు ఎంత బాగుండేవో ఇప్పటికీ గుర్తే. మళ్లీ మర్నాడు పొద్దున్నే తన పాత చీర అంచు చింపి నా ఎడమచేతిని లంగా బొందుకు కట్టేసి, కుడిచేతికి చెంబు ఇచ్చేది. నీళ్లు సగం నా కాళ్ల మీదే పడేవి. రమ నా పక్కనే నిలబడి చుక్క కారకుండా వంపేది.

అప్పుడే లచ్చత్త పెళ్లి కుదిరింది. లచ్చత్త మా బాపుకు అందరికంటే చిన్న చెల్లె. మానుకోట దిక్కు ఇచ్చారు. మా వైపు ఆడపిల్ల సారెతో సకినాలు పోవాలి. గంపలకొద్దీ పోవాలి, తక్కువైతే అటువాళ్లు ఏళ్ల తరబడి ఎత్తిపొడుస్తారు. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. నానబెట్టిన బియ్యం దంచి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపిన తడిపిండి వాసన దాలాన్ అంతా కమ్ముకుంది. ఉతికిన పాత చీరలు గోడ నుంచి గోడకు పరిచారు. ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టారు. ఆ తరువాత అందరి వేళ్లూ కదిలాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి సన్నటి తాడులా మెలితిరుగుతూ దిగేది, చిన్న సున్న చుట్టూ ఇంకో చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు. మాటలు, నవ్వులు, వియ్యపురాలి మీద పరాచికాలు.

లచ్చత్త నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది: "భాగ్యా, నువ్వు ఒక సకినం చుట్టే. నీ చేతిది నాతోని తీస్కపోత. అక్కడ నువ్వు యాదికొచ్చినప్పుడు తింట."

ఇంట్లో నా చేతిది కావాలని అడిగిన మొదటి మనిషి ఆమె. అవ్వ పిల్లలిద్దరికీ చెరో పిండిముద్ద ఇచ్చి ఒక మూల చూపించింది. నేను బుద్ధిగా కుడిచేత్తోనే మొదలుపెట్టాను. పిండి మెలితిరగలేదు, పొడిపొడిగా రాలింది. మళ్లీ తడి చేసి చుట్టాను, మళ్లీ రాలింది. పక్కన రమ సకినం వంకరటింకరగా అయినా ఒక చుట్టు పూర్తయింది. ఇక ఓపిక పట్టలేక, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుని, ముద్దను ఎడమచేతిలోకి మార్చాను. అంతే. పిండి దానంతటదే దిగింది. ఒక చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు, ఎక్కడా తెగలేదు. కొసను కొసకు అతికించి, నా వేళ్లకేసి నేనే చూసుకున్నాను. ఎవరూ చూడకుండా మోకాళ్ల మీద పాకుతూ పోయి దాన్ని పెద్దవాళ్ల సకినాల మధ్యన, చీర అంచున పెట్టి వచ్చాను.

సకినాలు ఆరాయి. నూనె కాగింది. ఒక్కోటీ చీర మీంచి లేపుతూ అవ్వ వరుసలో వచ్చింది. నేను చూస్తున్నాను. నా దాని దగ్గరికి వచ్చి ఆగింది. అన్నీ ఒక దిక్కుకు తిరిగితే అదొక్కటి ఎదురు దిక్కుకు తిరిగి ఉంది. చుట్టేటప్పుడు నాకది తెలియనే తెలియదు.

"ఎవలు చుట్టింరు గిది? పుర్రచేతిది గదా ఇది! సారెల ఎదురుచుట్టు సకినం పోతే పోయిన పిల్ల మళ్ల పుట్టింటికే వస్తదని ఎరుకలేదా మీకు?"

అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు. చూడకుండానే ఆమెకు తెలుసు. సకినాన్ని రెండు వేళ్లతో ఎత్తి, పిండి గంగాళంలో వేసి, నాలుగు నీళ్లచుక్కలు చిలకరించి, అరచేత్తో మిగతా పిండిలో కలిపేసింది. లచ్చత్త నా వైపు చూసింది, అవ్వ వైపు చూసింది, తల వంచుకుంది. పెళ్లి ముందర ఆమె మాత్రం ఏమంటుంది? రమ వంకర సకినాన్ని అవ్వ మూత మీదకు తీసుకుని నూనెలోకి జార్చింది. అది చుయ్‌మంది. ఆ చప్పుడు నా ఒంట్లోనే అయినట్టయింది. దొడ్లోకి పోయి కోళ్లగంప పక్కన కూర్చుని ఏడ్చాను. పిండి నా ఎడమచేతి గోళ్ల సందుల్లో ఆరిపోయి తెల్లగా ఉంది.

మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు లచ్చత్త రమను ఒళ్లో కూర్చోబెట్టుకుని "నీ సకినం మా అత్త చూసి సంబురపడ్డది" అంది. నాకు రిబ్బన్లు తెచ్చింది. ఆ రిబ్బన్లు నేను కట్టుకోలేదు.

తరువాత బడి వచ్చింది. అక్కడ సారు బెత్తం అవ్వ చీర అంచు కంటే తొందరగా పనిచేసింది. పలక మీద బలపం కుడిచేతిలోకి మారింది, దాని వెనుకే గరిటె, చీపురు, సూది అన్నీ మారాయి. నా ఎడమచెయ్యి ఊరికే పక్కన వేలాడడం నేర్చుకుంది. నేను జనగామ కోడలినయ్యాను, రమ నెల్లికుదురు కోడలైంది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో సారె పెట్టినా రమను పిలుస్తారు; పెద్ద సకినం చుట్టాలంటే ఆమే చుట్టాలి. ఏటా డబ్బా నిండా నాకు పంపుతుంది. నేను తింటాను, బాగున్నాయని ఫోన్ చేసి చెప్తాను, చెప్పి ముఖం మాడ్చుకుంటాను. నా అంతట నేను మాత్రం ఆ రోజు తరువాత సకినం చుట్టలేదు. అడిగితే రాదన్నాను. అట్లా అనీ అనీ అదే నిజమైంది.

అందుకే మొన్న బడివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఏదైనా వంట చేయించమంటే శ్రావణి నన్ను అడగలేదు. నెల్లికుదురుకు ఫోన్ చేసింది. "మీకు సకినాలు రావు గద అత్తమ్మా, అందుకే రమత్తమ్మను రమ్మన్న" అంది, తప్పేమీ లేనట్టు. తప్పేమీ లేదు కూడా. నా ఇంట్లో, నా మనవరాలికి నేర్పడానికి రమ బస్సెక్కి వస్తోంది!

వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, స్టీలు డబ్బాలో గిర్నీ పట్టించిన తడిపిండి, పొట్లంలో నువ్వులు, వాము తెచ్చింది. చీర పరిచే చోటు ఎక్కడిది, టీవీ ముందర పాత దుప్పటి పరిచాం. పిండి కలపగానే ఆ వాసన లేచింది. లోపల ఎక్కడో గంప కింది కోళ్లు కదిలినట్టయింది. రమ హాసిని చేతికి పిండిముద్ద ఇచ్చింది. ఆ పిల్ల వెంటనే ఎడమచేతిలోకి తీసుకుంది. నేను ఆగిపోయి చూశాను. రమ అవ్వ దగ్గర నేర్చిన మనిషి, ఇప్పుడు అంటుంది అనుకున్నాను. అనాలని కోరుకున్నాను కూడా. నాకు దక్కనిది దీనికెందుకు దక్కాలి?

హాసిని ఒక చుట్టు చుట్టింది. రెండోది చుట్టింది. లావూ సన్నం అయినా తెగలేదు. ఎదురు దిక్కుకు తిరిగింది.

"అబ్బ, ఎంత సక్కగ తిరుగుతందే నీ చెయ్యి!" అంది రమ.

నా నోరు ఆగలేదు. "అది ఎదురుచుట్టు గదనే?"

"అయితే ఏమాయె? నూనెల పడ్డంక ఎటు తిరిగిందో ఎవలికెరుక?"

"మరి ఆనాడు అవ్వ నాది తీసి పిండిల కలిపె గదా!"

రమ చెయ్యి ఆగింది. దుప్పటి మీది సకినాలను చూస్తూ అంది: "కలిపింది. నేను పక్కనే ఉన్న. నీది నా దానికంటే మంచిగుండె భాగ్యా. ఒక్క కాడ తెగలే. కలిపితే పీడ పాయె అనుకున్న. నీ చెయ్యి చూస్తే నాకు కుళ్లు."

ఇంతకాలం నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నది ఆమె కూడా మోసింది. ఆ మాటేదో అప్పుడే, కోళ్లగంప దగ్గరికి వచ్చి ఒక్కసారి చెప్పి ఉంటే? ఒళ్లు మండింది. బుడ్డ చేట ఏం చేశావే అని అడిగాను, అడగాల్సింది అది కాకపోయినా. "ఎప్పుడో చెదలు తిన్నయి" అంది.

నేను కొంగు దోపుకుని కూర్చున్నాను. పిండిముద్ద ఎడమచేతిలోకి తీసుకున్నాను. శ్రావణి వీడియో తీయడానికి ఫోన్ ఎత్తింది, వద్దన్నాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి తిప్పాను. పిండి రాలింది. తడి చేసి మళ్లీ తిప్పాను. కొంచెం దిగి తెగింది. వేళ్లకు ఏం చేయాలో గుర్తు లేదు. కుడిచెయ్యి మాటిమాటికీ సాయం రాబోతోంది, ఎడమచెయ్యి చేతకాక పిండిని నలిపేస్తోంది. ఆ దాలాన్ పోయింది, కందీలు పోయింది, అవ్వ పోయింది, అవన్నీ పోతాయని నాకు ముందే తెలుసు. ఇది కూడా పోయిందని నాకు తెలియదు. దాన్ని ఒకరు నొక్కిపెట్టారు గానీ లోపల అట్లాగే ఉంటుందని, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేస్తుందని ఇన్నేళ్లూ అనుకున్నాను.

హాసిని నా తెగిన ముక్కలను కాసేపు చూసింది.

"నీది మంచిగ రాలే నానమ్మా" అని, వాటిని తన చిన్న ఎడమచేత్తో ఎత్తి, పిండి గిన్నెలో వేసి, నీళ్లచుక్కలు చల్లి, అరచేత్తో కలిపేసింది. ఎవరూ నేర్పకుండానే అచ్చం అట్లాగే కలిపింది. రమ నా ముఖం చూసి చూపు తిప్పుకుంది.

హాసిని సకినాన్ని రమ నూనెలోకి జార్చింది. అది చుయ్‌మని పొంగి, ఎర్రగా వేగి, అదే దిక్కుకు తిరిగి పైకి తేలింది. చల్లారాక ఆ పిల్ల దాన్ని విరిచి, పెద్ద ముక్క నాకు అందించింది. ఎడమచేత్తోనే.

తిన్నాను. కరకరలాడింది, ఉప్పు సరిపోయింది. ఇంకో ముక్క పెట్టమని చెయ్యి చాపాను, కుళ్లుకుంటూనే.